పై వాటా పిల్లాడికి బొమ్మ

పై వాటాలో పిల్లాడు నడక మొదలుపెట్టిన రోజు నుంచి కింది వాటాలో పెద్దకోడలికి మనశ్శాంతి కరువైంది. ఆ అడుగుల చప్పుడు సరిగ్గా ఆమె వంటగది పైకప్పు మీదే వినపడేది. టపటపమని నాలుగడుగులు, ధబ్బుమని కూలబడడం, కిలకిలమని ఒక నవ్వు, మళ్ళీ టపటప. కింద ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే నెత్తి మీద ఎవరో మిరియాలు నూరుతున్నట్టుండేది.

అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు. పెద్దవాడి సంసారం కింద, చిన్నవాడి సంసారం పైన, మధ్యలో ఇరుకు మెట్లు. ఆ మెట్ల మీద రోజంతా ఎక్కుతూ దిగుతూ అత్తగారు. తోడికోడళ్ళిద్దరికీ నెల తేడాలో కాన్పులయ్యాయి. ముందు పెద్దకోడలికి కూతురు పుట్టింది, ఆ వెనకే చిన్నకోడలికి కొడుకు. పగలంతా పిల్లలిద్దరినీ అత్తగారే కనిపెట్టుకుని ఉండేది.

పెద్దకోడలు కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములకు అద్దాలు బిగించే పని చేసేది. చిన్నకోడలి ఉద్యోగం ఇంట్లోనే. పై గదిలో తలుపు వేసుకుని, తలకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఒక ఫోన్ కంపెనీ తరఫున కస్టమర్లకు జవాబులు చెప్పేది. అవతలివాళ్ళు ఎంత తిట్టినా తేనె ఒలికే గొంతుతో "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ" అనడం ఆమెకు అలవాటు. ఇంట్లో వాళ్ళతోనూ అదే గొంతు. దాంతో ఆ మనిషి మనసులో ఏముందో పెద్దకోడలికి ఏనాడూ అంతుపట్టలేదు.

పాపకి ఏడాది నిండినా నిలబడలేదు. పాకడమన్నా పెద్ద సరదా లేదు. కూచోబెట్టిన చోటే కూచుని చుట్టూ చూసేది. ఏదైనా కావాలంటే దానికేసి వేలు చూపించి, ఎవరో ఒకరు తెచ్చి చేతిలో పెట్టేదాకా తొందరపడకుండా ఎదురుచూసేది. అందుకని నాన్నమ్మ ఆ పిల్లకి దొరసాని అని పేరు పెట్టింది. మనవడికి పెట్టిన పేరు పిడుగు. ఈ రెండు పేర్లూ పక్కపక్కన వినపడినప్పుడల్లా పెద్దకోడలికి ఒళ్ళు మండేది.

సాయంత్రం ఆమె షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే అత్తగారు అందుకునేది.

"ఇవాళ మన పిడుగు ఏం చేశాడో తెలుసా? మూడు మెట్లు పాకుతూ ఎక్కేశాడు. నేను వెనకే నిలబడ్డాననుకో. వెనక్కి తిరిగి నన్ను చూసి ఒక నవ్వు నవ్వాడు, ఎంత టెక్కో."

"అలాగా అత్తయ్యా."

"బంతి దొర్లిస్తే కాలితో తన్నాడే. ఆ వయసులో మీ ఆయన కూడా తన్నలేదు."

"మరి పాప?"

"దానికేం, బంగారుతల్లి. కూచుంది."

కూచుంది. ఆ ఒక్క మాట రాత్రి అన్నం ముద్దతో పాటు గొంతుకి అడ్డం పడేది. "కాస్త నీళ్ళు తాగు" అనేవాడు మొగుడు, సంగతి తెలియక. తెలిసిన రోజున మాత్రం "పిల్లలన్నాక ఒకరు ముందు, ఒకరు వెనక. పోటీ పరీక్షా ఏంటి?" అన్నాడు. ఆ మాటకి ఆమె అతనితో ఆ పూటంతా మాట్లాడలేదు.

పోటీ పరీక్షే అయింది ఆమెకి. బొమ్మల అట్టపెట్టెల మీద ఏ నెలకి ఏం రావాలో రాసి ఉంటే, ప్రశ్నపత్రం చదివినట్టు చదివేది. ఒకదాని మీద ఒకటి గుచ్చే రంగురంగుల వలయాలు కొంది. ఆకారాన్ని బట్టి దిమ్మలు దూర్చే చెక్కపెట్టె కొంది. పట్టుకుని తోసుకుంటూ నడిచే బండి కొంది. పాపని ఆ బండి దగ్గర నిలబెట్టి, రెండు చేతులూ పిడికి ఆనించి, "నడువమ్మా, నడు" అనేది. పాప మోకాళ్ళు మెల్లగా మడిచి, పెద్దమనిషి కుర్చీలో కూచున్నట్టు కింద కూచుని, బండి చక్రం తిప్పి చూసేది. పైన టపటప. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

పిల్లల డాక్టరమ్మకి చూపిస్తే ఆవిడ పాప కాళ్ళు వంచి, చాచి, గిలిగింత పెట్టి నవ్వించి, "ఏమీ లేదమ్మా. కొందరు కాస్త ఆలస్యంగా లేస్తారు. కంగారుపడకు" అంది. బొమ్మల మాట వస్తే ఇంకో ముక్క చెప్పింది. "మీట నొక్కితే పాడి, గంతులేసి, దీపాలు వెలిగించే రకం కొనొద్దు. పనంతా బొమ్మే చేసేస్తే బిడ్డకి ఏం మిగులుతుంది? దాని ముందు నోరు తెరుచుకుని కూచోవడం తప్ప."

ఆ మాట పెద్దకోడలి బుర్రలో ఒక మూల పడి ఉంది.

పిడుగు మొదటి పుట్టినరోజు దగ్గరపడింది. ఆ వారమే షాపులో ఆమె ఒక పెద్దాయన కళ్ళజోడుకి కుడి అద్దం ఎడమవైపు, ఎడమ అద్దం కుడివైపు బిగించి ఇచ్చేసింది. ఆయన వీధి చివరిదాకా వెళ్ళి, తల తిరుగుతోందని గోడ పట్టుకుని వెనక్కి వచ్చాడు. "ధ్యాస ఎక్కడుందమ్మా?" అన్నాడు యజమాని, కస్టమర్ ముందే. తల కొట్టేసినట్టయింది. ధ్యాస ఎక్కడుందో ఆమెకి తెలుసు. మధ్యాహ్నం అత్తగారు ఫోన్ చేసి, పిడుగు కుర్చీ ఎక్కి కూచున్నాడని చెప్పింది. ఎక్కడం కూడా వచ్చేసింది వాడికి.

పని అయ్యాక ఆమె నేరుగా బొమ్మల షాపుకి వెళ్ళింది. గాజు తలుపు తోస్తుంటే ఆ మూలన పడున్న మాట పైకి లేచింది. పుట్టినరోజుకి బొమ్మ ఇవ్వాలి కదా. ఇస్తుంది. పనంతా తనే చేసే బొమ్మ. వాణ్ణి ఒక మూల కూలేసి నోరు తెరిపించే బొమ్మ. నెల రోజులు, పోనీ పదిహేను రోజులు ఆ టపటప ఆగితే చాలు. ఈలోగా తన కూతురు లేచి నిలబడుతుంది. ఇంత నీచపు ఆలోచన తనకి వచ్చినందుకు ఆమెకి ఆశ్చర్యం వేసింది కానీ, దాన్ని వదిలించుకోవాలని మాత్రం అనిపించలేదు.

షాపతను మాటకారి. కౌంటరు వెనక నుంచే మొదలుపెట్టాడు.

"ఎంత వయసు బిడ్డకండీ?"

"ఏడాది. ఈ వారమే పుట్టినరోజు. బాబు."

"నడుస్తున్నాడా?"

"నడవడమేంటి, పరుగే" అంది ఆమె. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ ఎవరితోనూ చెప్పుకోలేక కడుపులో కుక్కుకున్నదంతా ఆ కొత్త మనిషి ముందు బయటికి తన్నుకొచ్చింది. "ముందు ఎడంకాలు వేస్తాడు. ఆగడం తెలీదు. గోడ దాకా వెళ్ళి రెండు చేతులూ ఆనించి ఆగుతాడు. పడితే వెంటనే ఏడవడు. ఎవరైనా చూస్తున్నారేమో చూసి, చూస్తుంటేనే ఏడుస్తాడు. గిన్నె మూత దొరికితే నెత్తిన పెట్టుకుంటాడు. పాట వినపడితే మోకాళ్ళు వంచి ఊగుతాడు. బంతి విసరడం రాదు. చేతిలోంచి జారిపోతే తనే విసిరాననుకుని చప్పట్లు కొట్టుకుంటాడు."

షాపతను మురిసిపోయాడు. "కన్నతల్లి కళ్ళండీ. ఒక్కటీ వదల్లేదు మీరు."

ఆమె చూపు అరల మీదికి తిప్పుకుంది. కాసేపటికి, "పాపకి కూడా ఏదైనా చూడాలి" అంది. "పదమూడు నెలలు."

అతను బొమ్మ తీయబోయి ఆగాడు. బాబుకి పన్నెండు, పాపకి పదమూడు. లెక్క కుదరక ముఖం చిట్లించి, "కవలలాండీ?" అన్నాడు.

"కాదు. బాబు మా తోడికోడలి కొడుకు. పాప నాది."

"ఓహో. నేను బాబే మీవాడనుకున్నా. సరే, పాపకి ఏమిష్టం?"

"ఇంకా నిలబడదండీ."

"అందుకేముంది, నిలబడుతుంది. దేంతో ఆడుతుంది? ఏం చూస్తే సంబరపడుతుంది?"

పెద్దకోడలు చెప్పబోయింది. కూతుర్ని కళ్ళ ముందుకు తెచ్చుకోవాలని చూసింది. పాప ఎప్పుడూ ఒకే తీరులో కనపడుతోంది, నిలబడకుండా. ఆ చేతుల్లో ఏముందో, ఆ కళ్ళు ఎటు చూస్తున్నాయో గుర్తుకు రావడం లేదు. పై వాటా పిల్లాడి ఎడంకాలు తెలుసు తనకి. కన్నబిడ్డకి ఇష్టమైన వస్తువు ఒక్కటి చెప్పమంటే తెలీదు.

సిగ్గు వేసింది. ఆ సిగ్గు షాపతని మీద కోపంగా మారింది. ఇంత ఆరా దేనికి ఇతనికి? "పాపకి తర్వాత చూద్దాం" అని కసురుకుని, పై అరలో అన్నిటికంటే పెద్దగా మెరుస్తున్న ప్లాస్టిక్ రైలు చూపించింది. "అది తీయండి."

అతను తీసి మీట నొక్కాడు. రైలు కూత వేసింది, నాలుగు రంగుల దీపాలు వెలిగించింది, గిర్రున తిరుగుతూ పాట ఎత్తుకుంది. షాపులో ఉన్న ఇద్దరు పిల్లలు కదలకుండా నిలబడి చూశారు. ఆమెకి కావలసింది అదే.

పుట్టినరోజు నాటి సాయంత్రం పై వాటా గదిలో బెలూన్లు కట్టారు. చిన్నకోడలు ఇద్దరు స్నేహితురాళ్ళని పిలిచింది. మరిది కేకు తెచ్చాడు. కేకు కోయడం అయ్యాక పిడుగు మూతికి క్రీమంతా పూసుకుని, అందరి కాళ్ళ మధ్యా తిరుగుతున్నాడు. పెద్దకోడలు ఒడిలో కూతుర్ని కూచోబెట్టుకుని గోడవారగా చేరింది.

"పెద్దమ్మ ఏం తెచ్చిందో చూద్దామా?" అంటూ మరిది రైలు పెట్టె విప్పి మీట నొక్కాడు.

రైలు కూత వేసి పాట ఎత్తుకుంది. పిడుగు ఉన్నచోటే ఆగిపోయాడు. నోరు తెరిచాడు. పెద్దకోడలు ఊపిరి బిగబట్టింది.

తరువాత వాడు మోకాళ్ళు వంచాడు. ఒకసారి ఊగాడు. రెండు చేతులూ పైకెత్తి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు, రైలు ఎటు తిరిగితే అటు. పడ్డాడు, లేచాడు, మళ్ళీ తిరిగాడు. గదంతా గొల్లున నవ్వింది. ఒక స్నేహితురాలు ఫోన్ తీసి వీడియో పట్టింది.

"డాన్సే, డాన్సు. ఏడాది పిల్లాడు డాన్సు కట్టడం నేనెక్కడా చూడలేదు" అంది అత్తగారు కళ్ళు ఒత్తుకుంటూ.

"అన్నిట్లోకీ నీ బొమ్మే బాగుందక్కా" అంది చిన్నకోడలు తేనె గొంతుతో.

పెద్దకోడలికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పాట వినపడితే ఊగుతాడని షాపులో చెప్పింది తానే. నడక ఆపుదామని తెచ్చిన బొమ్మ వాడికి నాట్యం నేర్పి పెట్టింది. అరికాలి మంట నెత్తికెక్కింది. ముఖాన మాత్రం పెద్దమ్మకి ఉండాల్సిన నవ్వు అతికించుకుని కూచుంది.

రైలు తిరిగి తిరిగి వచ్చి ఆమె ఒడి దగ్గర తగులుకుంది. ఆగలేదు. అక్కడే చక్రాలు గిరగిరలాడిస్తూ, చెవులు చిల్లులు పడేలా పాడుతోంది. పాప ముఖం చిట్లించింది. ఒడిలోంచి జారి దిగింది. రైలుని రెండు చేతులతో పట్టుకుని పక్కకి పడుకోబెట్టింది. చక్రాల మీద వేలు పెట్టి చూసింది, గబుక్కున తీసేసింది. ఇంకాస్త వంచి దాని కడుపు కింద చూసింది. అక్కడ గోరంత మీట ఒకటి ఉంది. పాప దాన్ని బొటనవేలి గోటితో పక్కకి నెట్టింది.

గది నిశ్శబ్దమైపోయింది. పిడుగు మోకాళ్ళు వంచినవాడు వంచినట్టే ఉండిపోయాడు. తరువాత ఎవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూసి, బావురుమన్నాడు.

మరిది నవ్వుతూ వచ్చి మీట వేశాడు. రైలు మళ్ళీ అరిచింది. పాప దాన్ని మళ్ళీ వంచి, ఈసారి వెతుక్కోకుండానే కట్టేసింది. మరిది మళ్ళీ వేశాడు. పాప మళ్ళీ కట్టేసి, ఇక చాలు అన్నట్టు రైలుని తన వెనక పెట్టుకుంది.

"నాకు మీట ఎక్కడుందో పెట్టె మీద చదివితే గానీ తెలీలేదు వదినా" అన్నాడు మరిది.

ఆ క్షణాన పెద్దకోడలు లోలోపల చంకలు గుద్దుకుంది. వీడియో తీసిన పిల్ల ఫోన్ లోపల పెట్టేసిందే అని బాధపడింది కూడా. గర్వంగా తల ఎత్తి తోడికోడలి వంక చూసింది. చిన్నకోడలు ఏడుస్తున్న కొడుకుని భుజాన వేసుకుని నవ్వుతోంది. పెదవులు నవ్వుతున్నాయి. కళ్ళు మాత్రం పాప చేతుల మీద ఉన్నాయి. ఆ చూపు పెద్దకోడలికి కొత్త కాదు. రోజూ సాయంత్రం అత్తగారి కబుర్లు వింటూ తాను చూసే చూపు అదే.

అందరూ వెళ్ళాక తోడికోడళ్ళిద్దరూ వంటగదిలో ప్లేట్లు కడగడానికి నిలబడ్డారు. ఒకరు తోముతుంటే ఒకరు తుడుస్తున్నారు.

"అక్కా, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. దానికి నువ్వు ఏం నేర్పుతున్నావు?" అంది చిన్నకోడలు. గొంతులో తేనె లేదు. అలసిపోయిన మామూలు ఆడపిల్ల గొంతు అది.

"నేనా? నేనేం నేర్పుతాను?"

"నేర్పకుండానే వస్తాయా? అత్తయ్య రోజూ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదే పాట. ఇవాళ దొరసాని నా సంచి జిప్పు తీసింది, మందుల డబ్బా మూత తిప్పింది, నేల మీద వెంట్రుక ఉంటే రెండు వేళ్ళతో ఏరి నా చేతిలో పెట్టింది. ఎంత నిదానం, ఎంత బుద్ధి అని. వీడేమో ఏది ఇచ్చినా నోట్లో పెట్టుకుంటాడు, లేదంటే నేలకేసి కొడతాడు. ఒక్క చోట కూచోడు. వాడి వెనక పరిగెత్తలేక నా నడుం పడిపోతోంది. తప్పు నాలోనే ఉందేమో అనిపిస్తుంది ఒక్కోసారి."

పెద్దకోడలు తుడుస్తున్న ప్లేటు పక్కన పెట్టేసింది. "జిప్పు తీసిందా? ఎప్పుడు?"

"నీకు తెలీదా?"

"నాతో ఈ ముక్క ఒక్కటీ అనలేదే ఆవిడ. నాకు చెప్పేదంతా మీవాడి సంగతే. మెట్లెక్కాడు, బంతి తన్నాడు, కుర్చీ ఎక్కాడు. మా దాని గురించి అడిగితే, కూచుంది అంటుంది."

చిన్నకోడలు కుళాయి కట్టేసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరు ముందు నవ్వారో గానీ, ఇద్దరి నవ్వుల హోరుకి అత్తగారు ఏమైందోనని వంటగది గుమ్మంలోకి వచ్చింది.

"అత్తయ్యా, నాకెప్పుడూ నా కూతురి సంగతులు ఎందుకు చెప్పరు మీరు?" అంది పెద్దకోడలు.

అత్తగారు తెల్లబోయింది. "ఎవరి బిడ్డ సంగతి వాళ్ళకి తెలుసుగా? పక్కవాళ్ళ బిడ్డ సంగతే కదా తెలీనిది. తెలీనిదే కదా చెప్పాలి" అంది. కోడళ్ళు ఎందుకంతలా నవ్వుతున్నారో ఆవిడకి అర్థం కాలేదు. మీ ఇద్దరికీ కేకు ఎక్కువైంది అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

"వాణ్ణి పది నిమిషాలు ఒక చోట కూచోబెట్టే బొమ్మ ఏదైనా ఉంటే చెప్పక్కా" అంది చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంటూ. "నీకు బొమ్మల గురించి బాగా తెలుసు."

"అందుకేనే ఆ రైలు కొన్నది, వాడు కూచుంటాడని" అంది పెద్దకోడలు.

అన్న మాట అక్షరాలా నిజం. దాని వెనకున్నది చెప్పాలంటే నోరు రాలేదు. చిన్నకోడలు ఆమె చెయ్యి పట్టుకుని, "నా బాధ నాకంటే ముందే కనిపెట్టావు" అంది. ఆ చెయ్యి వెనక్కి లాక్కోలేక, ఉంచనూ లేక, పెద్దకోడలు ఇంకో తడి ప్లేటు అందుకుంది.

మర్నాడు ఆమె షాపులో మూలన పడేసిన పాత కళ్ళజోడు పెట్టె ఒకటి అడిగి తెచ్చుకుంది. గట్టి అట్టది, టప్పున మూసుకునే రకం. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూతురి ఎదురుగా నేల మీద కూచుంది. నిలబడమనలేదు. పెట్టె ముందు పెట్టి ఊరికే చూసింది. పాప దాన్ని తెరిచింది, లోపలి మెత్తటి గుడ్డ నిమిరింది, మూసింది. టప్పుమనగానే కనుబొమలు పైకి లేచాయి. తెరవడం కాదు, ఆ చప్పుడు ఇష్టం దానికి. ఎడం చెవి పెట్టె దగ్గర పెట్టి మళ్ళీ మూసింది. షాపతను ఇప్పుడు అడిగితే చెప్పగలదు తాను. పైన టపటప వినిపిస్తూనే ఉంది. గుండెలో చురుక్కుమంటూనే ఉంది. కాకపోతే, ఆ చురుకు వెనకే పరిగెత్తకుండా ఆ సాయంత్రానికి ఆమె ఉన్నచోట ఉండగలిగింది.

పాప లేచి నిలబడింది మరో రెండు నెలలకి, ఉతికిన బట్టల బుట్ట పట్టుకుని, లోపల బట్టకి తగిలించిన క్లిప్పు కోసం. అప్పుడు పెద్దకోడలు ఇంట్లోనే ఉంది. అత్తగారు మాత్రం ఆ కబురు మోసుకుని ముందు పైకే పరిగెత్తింది. కాసేపటికి చిన్నకోడలు హెడ్‌ఫోన్ మెడలో వేసుకునే కిందికి దిగి వచ్చింది.

"ఎంత సంతోషంగా ఉందో అక్కా" అంది తేనె గొంతుతో. బుట్ట పట్టుకుని నిలబడిన పాపని చూసింది. తరువాత గొంతు మార్చి, "నిజం చెప్పనా? నాకు కాస్త మండింది" అంది.

"దేనికే?"

"చేతులూ దానివే, ఇప్పుడు కాళ్ళూ వచ్చేశాయి. ఇక మావాడికి మిగిలిందేంటి?"

"మా దానికి ఇంకా ఒక్క మాట రాలేదు" అంది పెద్దకోడలు. "మీవాడు నిన్న నన్ను 'పెమ్మ' అన్నాడు. దానికి నాకెంత మండిందో నీకు తెలీదు. కూచో, టీ పెడతాను."